సరిహద్దు జిల్లాల చిన్న వ్యాపారానికి పార్ట్‌టైమ్ అకౌంటెంటు: ఏ పనికి, ఎన్ని గంటలకు, ఏ షరతులతో

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఒక టోకు కిరాణా దుకాణం ముందు కాసేపు నిలబడితే, సరుకు ఎక్కించుకుంటున్న ఆటోల్లో కొన్ని గజపతి జిల్లా ఊళ్లకు, కొన్ని పక్కనే ఉన్న పాతపట్నం మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లడం కనిపిస్తుంది. రెండు బేరాలూ తెలుగులోనే జరుగుతాయి, ధర ఒకటే, అరువు రాసుకునే పుస్తకమూ ఒకటే. కానీ మొదటి ఆటో సరుకుకు రాసే బిల్లులో పన్ను కేంద్ర జీఎస్టీ, రాష్ట్ర జీఎస్టీ అని రెండు సగాలుగా పడాలి. రెండో దానిలో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ) అని ఒకే మొత్తంగా పడాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక ఇక్కడి తెలుగు కుటుంబాల బంధుత్వాలు, బాకీలు, సరుకు రాకపోకలు ఈ రాష్ట్ర సరిహద్దు గీతకు రెండు వైపులా పాతకాలం నుంచి అల్లుకుని ఉన్నాయి. 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక ఆ గీత ప్రతి బిల్లు మీదికీ వచ్చి కూర్చుంది. జీఎస్టీ నంబరులోని 15 అక్షరాల్లో మొదటి రెండు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో లెక్కల కోసం పూర్తికాలపు ఉద్యోగిని పెట్టుకునే స్తోమత గానీ, అంత పని గానీ లేని దుకాణాలే ఎక్కువ. అందువల్ల నెలకు ఇంత అని మాట్లాడుకుని, వారానికి రెండు మూడు రోజులు వచ్చి చూసే అకౌంటెంటును పెట్టుకోవడం మామూలే. తరచుగా చిక్కు వచ్చేది ఆ మాట్లాడుకోవడంలోనే. యజమాని అడిగేది ‘జీఎస్టీ చూసిపెట్టే మనిషి’ని, వ్యాపారానికి కావలసింది మాత్రం ఏ రోజు పద్దు ఆ రోజే, కనీసం ఆ వారంలోనే రాసే మనిషి. రిటర్ను వేయడం అన్నది బాగా రాసిన పుస్తకం నుంచి నెలకోసారి తీసే ఒక కాగితం మాత్రమే. పుస్తకమే సరిగా లేనప్పుడు ఆ కాగితాన్ని ఎంత నేర్పరి తీసినా అది అంచనాగానే మిగులుతుంది.

అకౌంటెంటు అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది రాత పని: అమ్మకాలు, కొనుగోళ్లు, ఖర్చులు, బ్యాంకు జమలు, అరువు వసూళ్లు టాలీలోనో మరో సాఫ్ట్‌వేర్‌లోనో ఎక్కించడం, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం. రెండవది దాఖలు పని: జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే పట్టుకుని కట్టే పన్ను), ఆదాయపు పన్ను రిటర్ను. మూడవది పరిశీలన, ధ్రువీకరణ, సలహా: ఆడిట్ వర్తించే వ్యాపారాల్లో నివేదిక మీద సంతకం చేసే పని చార్టర్డ్ అకౌంటెంటుదే, ఇంకెవరూ చేయడానికి లేదు. జీఎస్టీ చట్టం ‘జీఎస్టీ ప్రాక్టీషనర్’ అనే మరో వర్గాన్ని గుర్తిస్తుంది. వారు నమోదు చేసుకుని, వ్యాపారి అనుమతితో రిటర్నులు దాఖలు చేయవచ్చు. మన వ్యవహారంలో ఈ ముగ్గురినీ ‘ఆడిటరు గారు’ అనే పిలుస్తాం. పిలుపులో తప్పులేదు, ఒప్పందంలో మాత్రం ఏ పని ఎవరిదో తేలకపోతే, రాత పని తనది కాదని దాఖలు చేసేవారు, దాఖలు తనది కాదని రాసేవారు అనుకుంటారు. మధ్యలో నాలుగు నెలల కొనుగోలు బిల్లులు సొరుగులోనే ఉండిపోతాయి.

అసలు మనిషి అవసరమేనా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయం. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఒడిశాలో జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 40 లక్షల టర్నోవరు, సేవలకు 20 లక్షలు. టర్నోవరు కోటిన్నర లోపు ఉన్న వర్తకులు కాంపోజిషన్ పథకంలో చేరి 1 శాతం పన్ను కట్టవచ్చు. మూడు నెలలకోసారి, ఆ త్రైమాసికం ముగిసిన తర్వాతి నెల 18వ తేదీలోగా ఒక ప్రకటనతో పన్ను కట్టి, ఏడాదికోసారి రిటర్ను వేస్తే చాలు. ఆదాయపు పన్ను వైపు చూస్తే, టర్నోవరు 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారి, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల లోపు ఉన్న వ్యాపారి, టర్నోవరులో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన భాగం మీదైతే 6 శాతాన్ని లాభంగా చూపి, వివరమైన పుస్తకాలు లేకుండానే రిటర్ను వేయవచ్చు. ఈ రెండు వెసులుబాట్లూ వర్తించే ఒక చిన్న చిల్లర దుకాణానికి నెలజీతపు అకౌంటెంటు అవసరం లేదు. త్రైమాసికానికి ఒక పూట వచ్చే మనిషి, యజమాని చేతిరాత చిట్టా సరిపోతాయి. ఆ పరిస్థితిలో ఉన్నవారికి నెలనెలా ఖర్చు తగిలించడం న్యాయం కాదు.

అయితే సరిహద్దు జిల్లాల్లో ఈ వెసులుబాట్లు కనిపించినంత విశాలమైనవి కావు. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మే వ్యాపారికి 40 లక్షల పరిమితి వర్తించదు. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి ఒక్కసారి అమ్మినా నమోదు తప్పనిసరి. కాంపోజిషన్‌లో ఉన్నవారైతే రాష్ట్రం దాటి సరుకు అమ్మడానికే వీల్లేదు. ఇచ్ఛాపురం నుంచో పలాస నుంచో కొని తెచ్చుకోవచ్చు గానీ అటు అమ్మకూడదు. బరంపురంలోని వ్యాపారికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం ‘బయటి రాష్ట్రం’ అని మనసుకు తోచదు. పెళ్లి సీజన్‌లో అక్కడి బంధువుల దుకాణానికి నాలుగు బేళ్లు పంపడం అతనికి సహాయంలాంటిది. చట్టం దృష్టిలో అదే అతని కాంపోజిషన్ అర్హతను పోగొట్టే అమ్మకం. అకౌంటెంటుకు ఇటువంటి విషయం సంవత్సరాంతంలో తెలిస్తే చేయగలిగింది తక్కువ, బిల్లు రాయకముందే తెలిస్తే చాలా చేయవచ్చు. పార్ట్‌టైమ్ మనిషి అయినా వారంలో ఒకటి రెండుసార్లు దుకాణం గడప తొక్కాలని చెప్పడానికి ప్రధాన కారణం ఇదే.

గల్లా దగ్గర నగదుకు అమ్మే సరుకు విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి, జీఎస్టీ నమోదు లేని కొనుగోలుదారుకు అమ్మినప్పుడు బిల్లు మీద అతని చిరునామా ఏది రాసి ఉంటే ఆ రాష్ట్రమే సరఫరా స్థలం (పన్ను ఏ రకంగా పడాలో తేల్చే చోటు) అవుతుంది. చిరునామా ఏమీ రాయకపోతే అమ్మినవారి స్థలమే లెక్కలోకి వస్తుంది. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే. కాబట్టి పర్లాకిమిడి దుకాణంలో ఫ్యాను కొన్న పాతపట్నం వాసి బిల్లు మీద కుర్రవాడు అలవాటుగా ఊరు, రాష్ట్రం రాసి, పన్నును మాత్రం రెండు సగాలుగా వేస్తే ఆ బిల్లు తప్పు. తప్పు ఖాతాలో కట్టిన పన్నును సరైన ఖాతాలో మళ్లీ కట్టి, మొదట కట్టినదాన్ని వాపసు అడిగే దారి చట్టంలో ఉంది, దానికి వడ్డీ కూడా పడదు. కానీ ఆ వాపసు చేతికి వచ్చేదాకా రెండుసార్లు కట్టిన డబ్బు చిన్న వ్యాపారి పెట్టుబడిలోంచి పోయినట్టే. అకౌంటెంటు మొదటి నెలలో చేయవలసిన పనుల్లో బిల్లులు రాసే కుర్రవాడికి ఈ తేడా నేర్పడం ఒకటి. ఇది ఏ రిటర్నులోనూ కనిపించని పని, అయినా దాని విలువ ఎక్కువ.

కోరాపుట్, రాయగడ వైపు కొండ సరుకుల వ్యాపారుల చిక్కు వేరు. ఎండు చింతపండు మీద 2019 అక్టోబరు నుంచి జీఎస్టీ లేదు; ఎండు పసుపు మీద 5 శాతం ఉంది; పచ్చి అల్లం మీద లేదు, శొంఠి మీద ఉంది. ఒకే గోదాములో, ఒకే లారీలో, ఒకే కొనుగోలుదారుకు వెళ్లే సరుకుల్లో కొన్నింటికి పన్ను, కొన్నింటికి మినహాయింపు. చింతపండు మాత్రమే అమ్మే వ్యాపారికి, అతను సాలూరు పంపినా విజయనగరం పంపినా, జీఎస్టీ నమోదే అవసరం లేదు. దానితోపాటు పసుపు కలిపిన రోజున లెక్క మొత్తం మారుతుంది. గోదాము అద్దె, రవాణా వంటి ఉమ్మడి ఖర్చుల మీద కట్టిన పన్నులో మినహాయింపు సరుకుల వాటాకు పడే భాగాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును, తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదు. ఈ పంపకం లెక్క తెలిసిన మనిషికీ, బిల్లులు ఎక్కించడం మాత్రమే వచ్చిన మనిషికీ తేడా ఇటువంటి వ్యాపారంలో మొదటి త్రైమాసికంలోనే తెలిసిపోతుంది.

సరిహద్దుకు రెండు వైపులా దుకాణాలున్నవారి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఒకే పాన్ కింద బరంపురంలో ఒకటి, ఇచ్ఛాపురంలో ఒకటి నడిపితే రెండు జీఎస్టీ నంబర్లు ఉండాలి. ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి సరుకు మార్చడం సొంత ఇంట్లో సామాను సర్దుకున్నట్టు కాదు, చట్టం దాన్ని ఇద్దరు వేర్వేరు వ్యక్తుల మధ్య సరఫరాగా చూస్తుంది, బిల్లు రాసి ఐజీఎస్టీ కట్టాలి. సరుకు విలువ 50 వేలు దాటితే ఇ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా ఉండాలి. టర్నోవరు పరిమితులన్నీ పాన్ మొత్తం మీద చూస్తారు కనుక ఇచ్ఛాపురం దుకాణం చిన్నదే అన్న వాదన నిలవదు. గడువు తేదీల్లో కూడా తేడా ఉంది: టర్నోవరు 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పథకంలో ఉన్నవారికి జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) గడువు ఆంధ్రప్రదేశ్‌లో 22వ తేదీ, ఒడిశాలో 24వ తేదీ. అన్నదమ్ములు ఇద్దరూ వేర్వేరు పాన్‌లతో చెరోవైపు నడిపితే ఒకే పాన్ వల్ల వచ్చే ఈ చిక్కులు ఉండవు, వారిది ఇద్దరు అపరిచితుల వ్యాపారంతో సమానం. కుటుంబంలో ఎవరి పేరున ఏది ఉందో అకౌంటెంటుకు మొదటి రోజే చెప్పకుండా దాచితే నష్టపోయేది దాచినవారే.

గంటల లెక్క

పార్ట్‌టైమ్ అంటే ఎంత సేపు? ఎక్కువ మంది దీన్ని టర్నోవరును బట్టి తేలుస్తారు. ‘కోటి రూపాయల వ్యాపారం, కాబట్టి ఇంత ఇవ్వాలి’ అన్న లెక్క అది. శ్రమ టర్నోవరులో ఉండదు, కాగితాల సంఖ్యలో ఉంటుంది. నెలకు 12 లారీల బియ్యం అమ్మే మిల్లుకు 12 బిల్లులు. దానిలో పదో వంతు టర్నోవరు ఉన్న మందుల దుకాణానికి రోజుకే అంతకన్నా ఎక్కువ.

ఒక హార్డ్‌వేర్ దుకాణాన్ని ఊహించి గుణించి చూద్దాం. రోజుకు 40 అమ్మకపు బిల్లులు, నెలకు 26 పనిరోజులు అంటే 1,040 బిల్లులు; ఒక్కొక్కటి ఎక్కించడానికి 2 నిమిషాల చొప్పున దాదాపు 35 గంటలు. కొనుగోలు బిల్లులు నెలకు 120. సరుకు రకాలు, పన్ను రేట్లు చూసి ఎక్కించాలి కనుక ఒక్కొక్కదానికి 4 నిమిషాలు, అంటే 8 గంటలు. బ్యాంకు ఖాతా సరిచూడడానికి 4 గంటలు, కొనుగోళ్లను జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లుల నుంచి పోర్టల్ తయారుచేసే పట్టిక) పోల్చడానికి 5 గంటలు. మొత్తం 52 గంటలు; అంటే రోజుకు 2 గంటలు. ఈ దుకాణం యజమాని వారానికి ఒక పూట వచ్చే మనిషితో మాట్లాడుకుంటే నెలకు దొరికేది 16 గంటలకు మించదు. మిగతా 36 గంటల పని ఎవరూ చేయరు, లేదా చివరి మూడు రోజుల్లో హడావిడిగా చేస్తారు. దీనికి మందు జీతం పెంచడం ఒక్కటే కాదు. అమ్మకపు బిల్లులు మొదటే కంప్యూటరులో కొట్టేలా గల్లా దగ్గర ఏర్పాటు చేసుకుంటే పైన చెప్పిన 35 గంటలు దాదాపు మాయమవుతాయి. అప్పుడు వారానికి ఒక పూట, గడువు వారంలో అదనంగా ఒక పూట సరిపోవచ్చు. మనిషిని వెతకడానికి ముందు ఒక నెలపాటు కాగితాలు లెక్కపెట్టి చూసుకోవడం అన్నిటికన్నా లాభసాటి పని.

ఆ లెక్కలో జీఎస్టీఆర్-2బీ పోలికకు 5 గంటలు కేటాయించడం ఎక్కువని కొందరికి అనిపించవచ్చు. ఎక్కువ కాదు. 2022 జనవరి 1 నుంచి అమ్మినవారు తమ రిటర్నులో చూపించి, అది కొన్నవారి 2బీలో కనబడితేనే ఇన్‌పుట్ క్రెడిట్ దక్కుతుంది. ఆ పట్టిక ప్రతి నెలా 14వ తేదీన తయారవుతుంది. నెలవారీ రిటర్ను గడువు 20. అంటే విశాఖపట్నం టోకు వ్యాపారి మీ బిల్లు మరిచిపోయాడా, లేక తప్పు నంబరు మీద వేశాడా అని కనిపెట్టి, ఫోన్ చేసి అడగడానికి దొరికేది ఆరు రోజులే. సరఫరాదారుకు 180 రోజుల్లోగా డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలన్న నియమం కూడా ఉంది కనుక, అరువు ఎక్కువగా నడిచే చోట బాకీల వయసు చూడడం కూడా ఈ పనిలో భాగమే. అకౌంటెంటు జీతం వ్యాపారికి తిరిగి వచ్చేది ముఖ్యంగా ఈ పోలిక పనిలోనే. దీన్ని వదిలేసి 3బీ మాత్రం వేసే ఏర్పాటు చవకగా కనిపించినా, ప్రతి నెలా కొంత క్రెడిట్ ఎవరికీ తెలియకుండా జారిపోతుంది.

పుస్తకం ఏ లిపిలో ఉంది

ఈ జిల్లాలకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది లెక్కల శాస్త్రంలో ఎక్కడా ఉండదు. పాతతరం సావుకార్ల చిట్టా, ఆవర్జా (ఖాతాల పుస్తకం) తెలుగులో ఉంటాయి. సరుకుల పేర్లు పొట్టి రూపాల్లో, ఖాతాదారుల పేర్లు ఇంటిపేరుతోనో ఊరిపేరుతోనో రాసుకుంటారు. ఇప్పుడు అకౌంటెంటుగా దొరికే యువతీయువకుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువంతా ఒడియాలోనో ఇంగ్లిషులోనో సాగించినవారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవమంటే రాదు. ఇక ఒడియా కుటుంబం నుంచి వచ్చినవారికి లిపి మాట అటుంచి, ‘పాతబాకీ’, ‘చేబదులు’, ‘తిరుగు సరుకు’ వంటి పద్దుల అర్థమే విడమరచి చెప్పాలి. చేబదులుగా ఇచ్చిన డబ్బును ఖర్చుగా, తిరుగు సరుకును కొత్త కొనుగోలుగా ఎక్కించిన పుస్తకంలో లాభనష్టాలు రెండూ అబద్ధమే అవుతాయి.

దీనికి పరిష్కారంగా పెద్దాయన చేత తెలుగు మాన్పించడం సరికాదు. నలభై ఏళ్లుగా ఆ చేతిరాత మీదనే ఆ వ్యాపారపు జ్ఞాపకం నిలబడి ఉంది, దాన్ని తీసేస్తే అరువు వసూలే దెబ్బతింటుంది. ఒక పూట కూర్చుని పేర్ల పట్టీ తయారుచేసుకోవడం మంచి మార్గం: ప్రతి ఖాతాదారుకూ ఒక అంకె, ప్రతి సరుకుకూ ఒక అంకె ఇచ్చి, చిట్టాలో పేరు పక్కన ఆ అంకె కూడా రాస్తే లిపి తెలియని మనిషి కూడా టాలీలో సరైన ఖాతాలో ఎక్కించగలరు. అంకెల విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. చిట్టాలో తెలుగు అంకెలు, ఒడియా అంకెలు, ఇంగ్లిషు అంకెలు కలిసి ఉంటే పొరపాటు ఖాయం. రాత ఏ లిపిలో ఉన్నా అంకెలు ఒక్క ఇంగ్లిషులోనే ఉండాలన్న నియమం మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. పన్ను శాఖ నుంచి వచ్చే నోటీసులు మాత్రం ఇంగ్లిషులో ఉంటాయి కనుక, వాటిని చదివి యజమానికి తెలుగులో విప్పి చెప్పగలగడం ఎంపికలో ఒక అర్హతగానే చూడాలి. నోటీసులో ఏముందో అర్థం కాని భయం వల్ల జవాబు ఇవ్వకుండా గడువు దాటించేవారు ఉన్నారు, ఆ భయం తీర్చడం కూడా లెక్కల సహాయంలో భాగమే.

మనిషి ఎక్కడ దొరుకుతారన్నది అంత పెద్ద చిక్కు కాదు. బరంపురంలో కామర్స్ చదివి టాలీ నేర్చినవారు, టాక్స్ ప్రాక్టీషనర్ల దగ్గర సహాయకులుగా పనిచేసినవారు, బ్యాంకు లేదా సహకార సంఘంలో పదవీ విరమణ చేసినవారు, ఇంటి నుంచే పని చేయగల గృహిణులు ఉన్నారు. జయపురం, గుణుపురం వంటి చోట్ల ఎంపిక కాస్త తక్కువ. సిఫారసు మంచిదే గానీ ఒక చిన్న పరీక్ష పెట్టడం దానికన్నా మంచిది: దుకాణానికే చెందిన పది పాత బిల్లులు ఇచ్చి ఎక్కించమనాలి, వాటిలో ఒకటి పాతపట్నానికి వెళ్లినది, ఒకటి సరుకు తిరిగి వచ్చినది, ఒకటి 5 శాతం సరుకూ 18 శాతం సరుకూ కలిసినది ఉండాలి. ఎంత వేగంగా చేశారన్నది ముఖ్యం కాదు; ఏ బిల్లు దగ్గర ఆగి ప్రశ్న అడిగారన్నది చూడాలి. అడగకుండా పదీ పూర్తి చేసినవారికన్నా రెండింటి దగ్గర ఆగినవారే పనికి తగినవారు.

తాళాలు ఎవరి దగ్గర

పార్ట్‌టైమ్ ఏర్పాటులో అసలు ప్రమాదం తప్పులు కాదు, తప్పులు దిద్దుకోవచ్చు. ప్రమాదమంతా వ్యాపారపు తాళాలు యజమానికి తెలియకుండానే చేతులు మారడంలో ఉంది. జీఎస్టీ నమోదు చేయించే రోజున ఓటీపీల గొడవ ఎందుకని అకౌంటెంటు తన ఫోన్ నంబరు, తన ఈమెయిలు ఇచ్చేస్తారు. ఆ నాటికి అది ఇద్దరికీ సౌకర్యమే. మూడేళ్ల తర్వాత ఆ మనిషి హైదరాబాదు వెళ్లిపోతేనో, మాటామాటా పెరిగితేనో, సొంత పోర్టల్లోకి యజమాని వెళ్లలేడు. శాఖ పంపిన నోటీసులు ఎవరి ఇన్‌బాక్సులోనో చదవకుండా ఉండిపోతాయి. రిటర్నులు నెలవారీగా వేసేవారు వరుసగా ఆరు నెలలు, త్రైమాసికంగా వేసేవారు వరుసగా రెండు త్రైమాసికాలు వేయకపోతే నమోదు రద్దు చేసే అధికారం శాఖకు ఉంది కనుక, ఈ నిశ్శబ్దం చాలా ఖరీదైనది.

ఇప్పటికే అలా జరిగి ఉంటే, లాగిన్ అందుబాటులో ఉన్నంతలోనే పోర్టల్లో సవరణ దరఖాస్తు ద్వారా ఫోన్ నంబరు, ఈమెయిలు యజమానివి పెట్టించుకోవచ్చు. లాగిన్ కూడా చేజారితే గుర్తింపు పత్రాలతో తమ పరిధిలోని జీఎస్టీ అధికారిని కలవాలి. కొత్తగా మనిషిని పెట్టుకునేవారు ఫోన్, ఈమెయిలు రెండూ తమవే ఇవ్వాలి. పోర్టల్ పాస్‌వర్డు చేతికి ఇవ్వడానికి బదులు, ఆ వ్యక్తి నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్ అయితే పోర్టల్లోనే వారికి అనుమతి ఇవ్వవచ్చు, వద్దనుకున్న రోజున ఒక్క క్లిక్కుతో ఉపసంహరించుకోవచ్చు. వారు వారి లాగిన్‌తోనే పని చేస్తారు. డిజిటల్ సంతకపు టోకెను ఉన్నవారు దాన్ని చెక్కుబుక్కులా బీరువాలో పెట్టుకోవాలి.

టాలీ డేటా గురించి కూడా ఇంతే పట్టుదల అవసరం. పుస్తకాలన్నీ అకౌంటెంటు ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉండి, దుకాణంలో ఏమీ లేకపోతే ఆ పుస్తకాలు వ్యాపారివి కానట్టే. వారానికోసారి బ్యాకప్ తీసి యజమాని పెన్‌డ్రైవులో వేయడం ఒప్పందంలోనే ఉండాలి; జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను, బిల్లులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచవలసిన బాధ్యత వ్యాపారిదే. బ్యాంకు విషయంలో చూసే అనుమతి మాత్రమే ఇవ్వాలి, పంపే అనుమతి ఇవ్వకూడదు. గల్లాలో డబ్బు తీసుకునే మనిషే పద్దు రాసే మనిషి కాకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. ఇది ఎవరి మీదో అనుమానంతో చెప్పే మాట కాదు. నిజాయితీ గల మనిషికి కూడా తన మీద నింద రాకుండా ఈ విభజనే రక్షణ.

జీతమా, ఫీజా అన్నది ముందే తేల్చుకోవాలి. దుకాణంలో నిర్ణీత వేళల్లో కూర్చుని, యజమాని చెప్పినట్టు పనిచేసే వ్యక్తికి ఇచ్చేది జీతం. పది దుకాణాల పని తన పద్ధతిలో తాను చేసుకునే వ్యక్తికి ఇచ్చేది ఫీజు. ముందటి ఏడాది టర్నోవరు కోటి రూపాయలు దాటిన సొంతదారు వ్యాపారి, వృత్తి ఫీజు ఏడాదికి 50 వేలు మించితే 10 శాతం టీడీఎస్ పట్టాలి. ఈ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 30 వేల స్థానంలో వచ్చింది. ఒక మనిషికి ఒకే రోజు 10 వేలు మించి నగదుగా ఇచ్చిన ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తీసివేయనివ్వరు కనుక ఫీజు బ్యాంకు ద్వారా ఇవ్వడమే మేలు.

ఒప్పందం పెద్ద పత్రంగా ఉండనక్కరలేదు, అరపేజీ తెలుగు చాలు. ఏ రోజులు, ఎన్ని గంటలు, ఏ రిటర్నులు, కాగితాలు ఎవరు ఏ తేదీలోగా ఇవ్వాలి, మానేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పి ఏమేమి అప్పగించాలి అన్నవి అందులో ఉండాలి. ఆలస్య రుసుము ఎవరిది అన్న గొడవ ఎక్కువగా వస్తుంది కనుక దాన్నీ రాసుకోవాలి. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, ఏ లావాదేవీ లేని రిటర్నుకు 20 రూపాయలు. టర్నోవరు కోటిన్నర లోపు ఉన్నవారికి ఒక్కో రిటర్నుకు గరిష్ఠంగా 2,000, దానికి మించి 5 కోట్ల దాకా ఉన్నవారికి 5,000. పన్ను ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. చట్టం దృష్టిలో ఇవన్నీ వ్యాపారివే. ప్రాక్టీషనర్ దాఖలు చేసినా రిటర్నులోని వివరాల బాధ్యత నమోదైన వ్యక్తి మీదనే ఉంటుంది. కాగితాలు సమయానికి ఇచ్చినా దాఖలు ఆలస్యమైతే అకౌంటెంటు భరించాలి, కాగితాలే ఆలస్యమైతే యజమాని భరించాలి అన్న పంపకం సబబుగా ఉంటుంది.

ఆ ‘సమయానికి’ అన్న మాటకు తేదీ కావాలి. నెలవారీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 11, 3బీ గడువు 20; పది దుకాణాలు చూసే మనిషికి పది దుకాణాల గడువులూ ఆ రెండు తేదీల మీదనే వచ్చి పడతాయి. 9వ తేదీ రాత్రి బిల్లుల సంచీ పంపి ‘ఎలాగైనా చూడండి’ అనే యజమానికి దొరికేది చూసిన పని కాదు, ముగించిన పని. నెల పుస్తకం తర్వాతి నెల 5వ తేదీకి మూసేయాలని పెట్టుకుంటే అకౌంటెంటుకు ఊపిరి ఆడుతుంది. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు త్రైమాసిక పథకానికి మారితే రిటర్నుల భారం తగ్గుతుంది గానీ, మొదటి రెండు నెలల పన్ను తర్వాతి నెల 25వ తేదీలోగా కట్టాలి. ఆ పథకంలో చేరి, పుస్తకం కూడా మూడు నెలలకోసారే రాయడం మొదలుపెడితే కలిగే నష్టం, తగ్గిన భారం కన్నా ఎక్కువ.

నెలకు ఒక అరగంట యజమాని స్వయంగా కూర్చోవాలి. ఆ అరగంటలో అడగవలసినవి నాలుగు కాగితాలు: బ్యాంకు నిల్వ పుస్తకంలోని నిల్వతో కలిసిందా లేదా చూపే పట్టిక, 2బీలో రాని కొనుగోళ్ల జాబితా, 90 రోజులు దాటిన అరువుల జాబితా, దాఖలైన రిటర్ను రసీదు. అకౌంటు భాష రాకపోయినా ఈ నాలుగూ చదవడం ఎవరికైనా సాధ్యమే. వరుసగా మూడు నెలలు ఆ నాలుగు కాగితాలు అడిగిన రోజున చేతికి రాకపోతే, గంటలు చాలడం లేదో, మనిషి చాలడం లేదో తేల్చుకోవాలి. గంటలే చాలకపోతే కాగితాలను మళ్లీ లెక్కపెట్టి, గల్లా దగ్గర కంప్యూటరు బిల్లుకు మారడమా, రోజుకు ఇంకో గంట పెంచడమా అన్నది చూడాలి. మనిషే చాలకపోతే ఏప్రిల్ వచ్చేదాకా ఓపిక పట్టి, మార్చి 31 నాటి నిల్వలు, బాకీల జాబితా, టాలీ బ్యాకప్ ముందుగా చేతికి తీసుకుని, అప్పుడు కొత్తవారికి అప్పగించడం అన్నిటికన్నా తక్కువ నష్టంతో జరిగే మార్పు.